ఉప్పెంత తిన్నామో ఒంటిని అడిగితే: ఆహార జీవసూచికలు చెప్పేవి, చెప్పలేనివి

చెన్నై పెరంబూరులో మూడు తరాలుగా ఉంటున్న ఒక తెలుగు కుటుంబం ఇంటికి ఆహార సర్వే చేసేవారు వచ్చారనుకుందాం. వారి చేతిలోని పత్రంలో "గడచిన నెలలో ఊరగాయ ఎన్నిసార్లు తిన్నారు, ఒక్కోసారి ఎన్ని చెంచాలు?" అన్న ప్రశ్న ఉంటుంది. పత్రం తయారుచేసినవారి మనసులో ఉన్నది పెరుగన్నం పక్కన నంజుకునే ఊరగాయ. ఈ ఇంట్లోనేమో వేడన్నంలో ఆవకాయ, నూనె కలుపుకుని మొదటి ముద్ద తింటారు, పప్పులోకి మళ్ళీ మాగాయ నంజుకుంటారు. ఇంటావిడ కాస్త ఆలోచించి, "రోజూ వేసుకుంటాం గానీ కొంచెమేనండీ, ఒక చెంచా ఉంటుందేమో" అంటుంది. ఆమె అబద్ధం చెప్పలేదు. అయినా పత్రంలో పడిన అంకెకూ ఆమె ఒంట్లోకి వెళ్ళిన ఉప్పుకూ పొంతన ఉందో లేదో, ఆ పత్రాన్ని ఎన్నిసార్లు తిరగేసినా తెలియదు.

ఈ సంగతి ఇప్పుడు ప్రస్తావనకు రావడానికి ఒక కారణం ఉంది. చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ తెలంగాణ, పంజాబ్ రాష్ట్రాలలో ఆరోగ్య కార్యకర్తల ద్వారా ఉప్పు తగ్గింపుపై సలహాలిచ్చే మూడేళ్ళ ప్రాజెక్టును చేపట్టినట్టు 2025లో వార్తలు వచ్చాయి. ఇటువంటి ప్రయత్నం ఏదైనా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు: ఉప్పు నిజంగా తగ్గిందా, లేక తగ్గించామని జనం చెప్పడం మాత్రమే పెరిగిందా? సలహా విన్నవారు సలహా ఇచ్చినవారి ఎదుట "తగ్గించామండీ" అనడం సహజం. అందుకే నోటి మాటను పక్కనబెట్టి మూత్రాన్నీ రక్తాన్నీ అడిగే పద్ధతులు పుట్టాయి. వాటినే ఆహార జీవసూచికలు అంటారు.

జీవసూచిక అంటే ఏది, ఏది కాదు

తిన్న ఆహారం ఒంట్లో వదిలిన జాడ, కొలవడానికి వీలైనదైతే, అది ఆహార జీవసూచిక. అది మూత్రంలోని సోడియం కావచ్చు, రక్తంలోని కెరోటిన్ కావచ్చు, ఎర్ర రక్తకణాల పొరలో చేరిన చేప కొవ్వు కావచ్చు, కాలిగోళ్ళలో పేరుకున్న సెలీనియం కావచ్చు. రక్తంలో చక్కెర, కొలెస్టరాల్ వంటివి కూడా తిండిని బట్టి మారతాయి గానీ, అవి ప్రధానంగా ఒంటి స్థితిని చెప్పే కొలతలు. ఒకే భోజనం చేసిన ఇద్దరికి చక్కెర వేర్వేరుగా ఉండవచ్చు కాబట్టి ఆ అంకెను చూసి ఎవరేం తిన్నారో చెప్పలేము.

మధుమేహం ఉన్న ఇళ్ళలో అందరికీ తెలిసిన "మూడు నెలల షుగర్" పరీక్ష ఇక్కడ ఒక పోలికగా పనికివస్తుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు; అన్నాళ్ళూ అది రక్తంలోని చక్కెరను అంటించుకుంటూ తిరుగుతుంది కనుక ఆ కణం ఒక చిట్టా పుస్తకంలా పనిచేస్తుంది. ఆహార సూచికలకూ ఇలాగే ఒక్కోదానికి ఒక్కో కాలపరిధి ఉంటుంది. పొట్టుతో ఉన్న గోధుమ తింటే రక్తంలో కనిపించే ఆల్కైల్‌రిసార్సినాల్ అనే పదార్థాలు కొన్ని గంటలలోనే సగానికి పడిపోతాయి. మూత్రంలోని సోడియం ఒకటి రెండు రోజుల సంగతి చెబుతుంది. ఎర్రకణాలలోని చేప కొవ్వు కొన్ని నెలలది, చర్మం కింది కొవ్వులోని కొవ్వు ఆమ్లాలు ఏడాదికి పైబడిన కాలానివి. కాబట్టి "ఈ సూచిక మంచిదా?" అని అడిగేముందు, ఎన్నాళ్ళ తిండి గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి.

మాటల లెక్క ఎంత తప్పుతుంది

అమెరికాలోని మేరీలాండ్‌లో 1999–2000లో 484 మందితో జరిగిన "ఓపెన్" అధ్యయనం ఈ విషయంలో గట్టి సాక్ష్యం. అందులో పాల్గొన్నవారి తిండిని ప్రశ్నపత్రాలతోనూ, నిన్నటి భోజనాన్ని గుర్తుచేయించే ఇంటర్వ్యూలతోనూ నమోదు చేసి, పక్కనే జీవసూచికలతో సరిచూశారు. ప్రశ్నపత్రంలో మగవారు తమ శక్తి వినియోగాన్ని 31 నుంచి 36 శాతం వరకు, ఆడవారు 34 నుంచి 38 శాతం వరకు తక్కువ చేసి చెప్పినట్టు తేలింది. నిన్నటి భోజనం గుర్తుచేసే పద్ధతిలో ఆ తేడా 12 నుంచి 20 శాతం మధ్యకు తగ్గింది.

అందరూ ఒకే మోతాదులో తక్కువ చెబితే సర్దుకోవచ్చు. అంకెలన్నిటినీ సుమారు సగం మేర పెంచితే సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే, బరువు ఎక్కువ ఉన్నవారు మరింత తక్కువ చెబుతారు. అప్పుడు లావుగా ఉన్నవారూ సన్నగా ఉన్నవారూ కాగితం మీద ఒకేలా తింటున్నట్టు కనిపిస్తారు, తిండికీ రోగానికీ ఉన్న అసలు సంబంధం మరుగున పడిపోతుంది.

లెక్క తేల్చేవి, జాడ మాత్రమే చూపేవి

సూచికలన్నీ ఒక జాతివి కావు. వాటిలో చాలా కొన్నింటికి మాత్రమే లోపలికి వెళ్ళినదానిలో ఎంత భాగం బయటికి వస్తుందో ముందే తెలుసు. బయటికి వచ్చినదాన్ని కొలిచి, ఆ నిష్పత్తితో వెనక్కి లెక్క కట్టవచ్చు. వీటిని రికవరీ సూచికలంటారు. మూత్రంలోని నత్రజని ద్వారా మాంసకృత్తులు, సోడియం ద్వారా ఉప్పు, పొటాషియం ద్వారా పొటాషియం, ఐసోటోపుల (ఒకే మూలకపు బరువైన రూపాల) నీటితో శక్తి: ఈ జాబితా దాదాపు ఇంతే.

మాంసకృత్తుల లెక్క చూద్దాం. కేంబ్రిడ్జ్‌లో షీలా బింగమ్ చేసిన పరిశోధనల్లో, బరువు నిలకడగా ఉన్న మనిషి తిన్న నత్రజనిలో సగటున 81 శాతం మూత్రంలో వస్తుందని తేలింది. ఒకరి 24 గంటల మూత్రంలో 8.1 గ్రాముల నత్రజని ఉందనుకుంటే, దాన్ని 0.81తో భాగిస్తే తిన్నది 10 గ్రాములు, 6.25తో గుణిస్తే 62.5 గ్రాముల మాంసకృత్తులు. ఆ 6.25 నత్రజనిని మాంసకృత్తులుగా మార్చి చెప్పడానికి అన్ని ఆహారాలకూ కలిపి పెట్టుకున్న గుణకం. బియ్యానికి వాడే గుణకం 5.95, కాబట్టి అన్నమే ప్రధానమైన మన భోజనానికి ఈ లెక్క కాస్త ఉదారంగా ఉంటుంది. ఎదిగే పిల్లలూ గర్భిణులూ నత్రజనిని ఒంట్లో నిలుపుకుంటారు, జబ్బుపడి చిక్కిపోయేవారు ఎక్కువగా వదిలేస్తారు. వీరి విషయంలో 81 శాతం అన్న ఆధారమే కదిలిపోతుంది.

శక్తిని కొలిచే పద్ధతి అన్నిటికంటే తెలివైనది, అన్నిటికంటే ఖరీదైనది. సాధారణ హైడ్రోజన్, ఆక్సిజన్ బదులు వాటి బరువైన రూపాలున్న నీటిని కొలిచి తాగిస్తారు. ఇవి రేడియోధార్మికమైనవి కావు. బరువు హైడ్రోజన్ నీటి రూపంలోనే ఒంటిని వదులుతుంది. బరువు ఆక్సిజన్ నీటిలోనూ, ఊపిరిలో వదిలే బొగ్గుపులుసు వాయువులోనూ పోతుంది. రెండూ తగ్గిపోయే వేగాల తేడాయే ఆ వాయువు పరిమాణం, దాన్నుంచి ఖర్చయిన శక్తి లెక్క వస్తుంది. బరువు మారకుండా ఉంటే ఖర్చయినదే తిన్నది. నేథన్ లిఫ్సన్ ఈ సూత్రాన్ని ఎలుకలలో నిరూపించిన దశాబ్దాల తర్వాత, 1982లో గానీ మనుషుల మీద దీన్ని వాడలేదు. మన దేశంలో ఐసోటోపులతో పోషకాహార పరిశోధనకు బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ పేరుపడింది.

మిగిలిన సూచికలలో ఎక్కువ భాగం గాఢత సూచికలు, అంటే ఒక పదార్థం రక్తంలో ఏ మట్టంలో ఉందో మాత్రమే చూపేవి. క్యారెట్, బొప్పాయి, ఆకుకూరలు తింటే రక్తంలో కెరోటినాయిడ్లు పెరుగుతాయి, నిజమే. కానీ పొగ తాగేవారిలో, లావుగా ఉన్నవారిలో అదే తిండికి అవి తక్కువగా కనిపిస్తాయి, కూరలో నూనె లేకపోతే ఒంటికి సరిగా పట్టవు. విటమిన్ సి సంగతి మరీ విచిత్రం. రోజుకు సుమారు 200 మిల్లీగ్రాములు దాటాక రక్తంలో దాని మట్టం దాదాపు ఆగిపోతుంది, మిగిలినది మూత్రంలో పోతుంది. రెండు జామకాయలు తిన్నవారికీ ఐదు తిన్నవారికీ రక్తంలో పెద్దగా తేడా కనబడదు. ఇటువంటి సూచికలతో మనుషులను ఎక్కువ తినేవారు, తక్కువ తినేవారు అని వరుసలో నిలబెట్టవచ్చు గానీ గ్రాముల లెక్క చెప్పలేము.

ఒక రోజంతా పోగుచేసిన మూత్రం

ఉప్పు విషయంలో అందరూ ప్రమాణంగా ఒప్పుకునేది 24 గంటల మూత్ర సేకరణ. చెప్పడానికి తేలిక. పొద్దున ఆరింటికి లేచాక మొదటిసారి వచ్చినది పారబోసి, గడియారం చూసి రాసుకోవాలి; అక్కణ్ణుంచి మర్నాడు ఆరింటిదాకా వచ్చిన ప్రతి బొట్టూ, మర్నాటి మొదటిదానితో సహా, ఇచ్చిన ప్లాస్టిక్ క్యానులో పోయాలి. ఆఫీసుకు వెళ్ళేవారు క్యానును సంచిలో పెట్టుకుని సబర్బన్ రైలెక్కాలి. ఒకే బాత్రూమున్న ఇంట్లో, చుట్టాలున్న రోజు, ఆ క్యాను ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద సమస్య. మధ్యాహ్నం ఒకసారి మరిచిపోయి, ఆ మాట చెప్పడానికి మొహమాటపడి ఊరుకునేవారు కొందరుంటారు. ఈ మొహమాటాన్ని పట్టుకోవడానికే ఒక ఉపాయముంది: 80 మిల్లీగ్రాముల పాబా (పారా అమినో బెంజోయిక్ ఆమ్లం) మాత్రలు రోజుకు మూడు ఇస్తారు. ఆ పదార్థం దాదాపు మొత్తంగా మూత్రంలో బయటపడుతుంది కనుక, 85 శాతం కన్నా తక్కువ వస్తే సేకరణలో ఏదో జారిపోయినట్టే. మాటను సరిచూడటానికి మూత్రం, మూత్రాన్ని సరిచూడటానికి మాత్ర కావలసి వచ్చిందన్నమాట.

క్యానులో 1.75 లీటర్లు వచ్చిందని, లీటరుకు 80 మిల్లీమోల్ సోడియం ఉందని అనుకుందాం. మొత్తం 140 మిల్లీమోల్. ఒక మిల్లీమోల్ సోడియం సుమారు 58.5 మిల్లీగ్రాముల ఉప్పుకు సమానం కాబట్టి ఇది 8.2 గ్రాముల ఉప్పు. తిన్నదానిలో 90 శాతం మూత్రంలో వచ్చిందని తీసుకుంటే తిన్నది 9.1 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు. అదే మనిషి నీళ్ళు బాగా తాగి 2.8 లీటర్లు పోగుచేస్తే లీటరుకు 50 మిల్లీమోల్ మాత్రమే కనిపిస్తుంది, కానీ మొత్తం మళ్ళీ 140. రోజంతా పోగుచేయడం ఎందుకో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఆ 90 శాతం దగ్గర మాత్రం చెన్నైలో ఒక క్షణం ఆగాలి. మే నెల అగ్నినక్షత్రం రోజుల్లో ఎండలో పనిచేసేవారి సోడియంలో చెప్పుకోదగ్గ భాగం చెమటలో పోతుంది. భవన నిర్మాణ కూలీ మూత్రంలో సోడియం తక్కువగా ఉంటే, అతడు ఉప్పు తక్కువ తిన్నాడని కాక ఎక్కువ చెమటోడ్చాడని అర్థం కావచ్చు. చల్లని దేశాలలో కట్టిన నిష్పత్తిని ఇక్కడి ఎండకు యథాతథంగా దించుకోవడం నా దృష్టిలో సరైనది కాదు. కనీసం ఏ నెలలో సేకరించారో రాయాలి.

ఇంకొక ఇబ్బంది మాస్కోలో అంగారక యాత్రకు నమూనాగా జరిపిన ప్రయోగంలో బయటపడింది. మూసిన గదులలో నెలల తరబడి ఉన్నవారికి తూచినట్టు అదే ఉప్పు పెట్టినా, మూత్రంలో సోడియం రోజుకొకలా, వారంపాటు సాగే లయలో పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. ఒక్క రోజు సేకరణ అసలు లెక్కకు దగ్గరగా వచ్చింది దాదాపు సగం సార్లే. అంటే పాబా మాత్రతో సహా అన్నీ సక్రమంగా జరిగినా, ఒక రోజు ఫలితం ఒక మనిషి అలవాటును ఖాయంగా చెప్పదు. వెయ్యిమంది సగటు చెప్పడానికి మాత్రం అది చక్కగా సరిపోతుంది.

ఒక్క సీసాతో సరిపెట్టుకోవచ్చా అన్న వాదం

క్యాను బాధ తప్పించడానికి ఒకేసారి చిన్న సీసాలో ఇచ్చిన మూత్రం నుంచి రోజు మొత్తాన్ని అంచనా కట్టే సూత్రాలు వచ్చాయి. కవాసాకి, తనాకా, ఇంటర్‌సాల్ట్ పేర్లతో పిలిచే ఈ సూత్రాలు మూత్రంలోని సోడియాన్ని క్రియాటినిన్‌తో (కండల నుంచి వచ్చే వ్యర్థ పదార్థంతో) పోల్చి, వయసు, బరువు, స్త్రీపురుష భేదం వంటివి కలిపి లెక్క తీస్తాయి. ఇక్కడే ఈ రంగంలోని పెద్ద తగాదా మొదలైంది.

బెంగళూరు సెయింట్ జాన్స్‌లో చదువుకున్న సలీం యూసుఫ్ నేతృత్వంలోని "ప్యూర్" అధ్యయనం లక్షమందికి పైగా జనం నుంచి పరగడుపు మూత్రం తీసుకుని కవాసాకి సూత్రంతో లెక్కకట్టింది. రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం తీసుకునేవారికే మరణం, గుండెజబ్బుల ముప్పు అతి తక్కువనీ, అంతకన్నా ఎక్కువైనా తక్కువైనా పెరుగుతుందనీ 2014లో ప్రకటించింది. 3 గ్రాముల సోడియం అంటే ఏడున్నర గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాములు దాటవద్దంటుంటే, అంతకు తగ్గితేనే ముప్పన్నట్టు ఈ ఫలితం వినిపించింది.

విమర్శకుల వాదన సూచిక మీదనే. సూత్రంలోకి వెళ్ళే క్రియాటినిన్, వయసు, బరువు ఒక్కొక్కటీ మరణంతో విడిగా ముడిపడి ఉన్నవే. కండ కరిగిపోయిన రోగికి క్రియాటినిన్ తక్కువ ఉంటుంది, ఆ తగ్గుదల సోడియం అంచనాలోకి చొరబడుతుంది. దీన్ని పరీక్షించడానికి కొందరు, పలుమార్లు 24 గంటల సేకరణ జరిగిన పాత అధ్యయనపు సమాచారాన్నే తీసుకుని, అందులోని సోడియాన్ని ఆ సూత్రాల ద్వారా మళ్ళీ లెక్కకట్టారు. నేరుగా కొలిచినప్పుడు ఉప్పుతో పాటు తిన్నగా పెరిగిన ముప్పు, సూత్రంలో నుంచి చూస్తే వంపు తిరిగింది. మనుషులు వారే, మూత్రం అదే. 2022లో ఆరు అధ్యయనాల నుంచి 10,709 మంది సమాచారాన్ని, ఒక్కొక్కరికి కనీసం రెండు 24 గంటల సేకరణలతో, కలిపి చూసినప్పుడు రోజుకు ప్రతి 1,000 మిల్లీగ్రాముల అదనపు సోడియానికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 18 శాతం ఎక్కువగా కనిపించింది.

ప్యూర్ పక్షాన ఉన్నవారి మాటా వినవలసిందే. పల్లెలలో, పేటలలో లక్షమంది చేత క్యాను మోయించడం అయ్యే పని కాదు, ఒక్క రోజు క్యాను కూడా మనిషి విషయంలో తప్పుతుందని మాస్కో ప్రయోగమే చూపింది, పైగా ఉప్పు బాగా తక్కువ తినేవారు ఆ 24 గంటల అధ్యయనాలలోనూ కొద్దిమందే. ఈ చివరి మాటలో బలముంది. అయినా ఏ కొలతలోని లోపం ఏ దిశగా లాగుతుందో ముందే తెలిసినప్పుడు, ఆ దిశగానే వచ్చిన ఫలితాన్ని అనుమానంతో చూడటం సబబని నాకనిపిస్తుంది.

చక్కెరకూ రాగి అంబలికీ తేడా తెలియని సూచిక

పరాయి దేశపు సూచికను మన వంటింటికి తెస్తే ఏమవుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చెరకు, మొక్కజొన్న వంటి సీ4 జాతి మొక్కలు గాలిలోని బరువు కార్బన్‌ను వరి, గోధుమల కన్నా ఎక్కువ పాళ్ళలో పట్టుకుంటాయి. అమెరికాలో తినే తీపిలో ఎక్కువ భాగం మొక్కజొన్న పాకం, చెరకు చక్కెరల నుంచి వస్తుంది కాబట్టి, వేలికొసన తీసిన రక్తపు చుక్కలో ఈ కార్బన్ పాలు చూసి తీపి ఎంత తిన్నారో అంచనా వేసే పద్ధతిని అక్కడ రూపొందించారు. అక్కడా మొక్కజొన్న మేపిన కోడిమాంసం వల్ల కొంత గందరగోళం తప్పదు.

ఇప్పుడు అదే పరీక్షను బెంగళూరులో రాగిముద్ద తినే తెలుగు కుటుంబానికి చేద్దాం, లేదా చెన్నైలో బండి మీద కేప్పై కూళు (రాగి అంబలి), కంబంగూళు (సజ్జ అంబలి) తాగే ఆటో డ్రైవరుకు చేద్దాం. రాగి సీ4 మొక్క. సజ్జ, జొన్న, కొర్ర కూడా అవే. చక్కెర ముట్టని మనిషి రక్తం తీపి పదార్థాలు విపరీతంగా తిన్నవాడి రక్తంలా కనిపిస్తుంది. మధుమేహమని అన్నం మాని రాగికి మారినవారి విషయంలో ఫలితం పూర్తిగా తలకిందులవుతుంది. చక్కెరకు ఇక్కడ పనికివచ్చే దారి మరొకటుంది: తిన్న చక్కెరలో అతి స్వల్ప భాగం మార్పు చెందకుండా సుక్రోజు, ఫ్రక్టోజుల రూపంలో మూత్రంలో వస్తుంది. దానికి మళ్ళీ క్యానే కావాలి.

చెకప్ రిపోర్టులో బి12, ఫెరిటిన్

"ఫుల్ బాడీ" పరీక్షల ప్యాకేజీలు వచ్చాక చాలామంది తమ రిపోర్టును తిండికి మార్కుల పత్రంలా చదువుతున్నారు. బి12 తక్కువ ఉంటే పాలు, గుడ్లు, మాంసం తక్కువ తింటున్నారనుకోవడం కొంతవరకు నిజమే. కానీ కాలేయంలో దాని నిల్వ కొన్నేళ్ళకు సరిపోతుంది, కనుక ఇవాళ్టి అంకె చాలాకాలపు కథ. మెట్‌ఫార్మిన్ మాత్ర చాలా ఏళ్ళు వాడినవారికి, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వేసుకునేవారికి, తిండి మారకపోయినా అది తగ్గవచ్చు. ఫెరిటిన్ ఇనుము నిల్వను చెబుతుంది, జ్వరం వచ్చినప్పుడు మాత్రం వాపుకు గుర్తుగా పెరుగుతుంది. వానాకాలంలో డెంగీ వచ్చి తగ్గిన మనిషికి ఫెరిటిన్ ఎక్కువ ఉందని ఇనుము బాగా తిన్నాడనుకుంటే పొరపాటు. అందుకే సర్వేలలో దానితో పాటు వాపును పట్టిచ్చే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష కూడా చూస్తారు.

సూచిక ఎక్కువ ఉండటం మేలుకు కారణమా అన్నది మరో ప్రశ్న. రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువ ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చూసి, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారితో జరిపిన ప్రయోగంలో కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు, కొందరికి ఉత్త మాత్రలు ఇచ్చారు. 1994లో వచ్చిన ఫలితం: బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. రక్తంలోని కెరోటిన్ కూరగాయలు తినే జీవితానికి గుర్తు మాత్రమే; గుర్తును మాత్రలో పెట్టి మింగితే ఆ జీవితం రాలేదు.

మూత్రం చెప్పనిది

తక్కువ సోడియం ఉప్పు విషయంలో సూచికలు తమ సత్తా చూపాయి. చైనాలో 600 గ్రామాలలో 20,995 మందితో జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గింది. వారు ఆ ఉప్పు నిజంగా వాడారనడానికి సాక్ష్యం 24 గంటల మూత్రమే: సోడియం రోజుకు సుమారు 350 మిల్లీగ్రాములు తగ్గి, పొటాషియం సుమారు 800 మిల్లీగ్రాములు పెరిగింది. ఒకటి తగ్గి మరొకటి పెరగడం నోటి మాటతో సృష్టించగలిగేది కాదు. మూత్రపిండాల జబ్బున్నవారికి పొటాషియం ఒంట్లో నిలిచిపోయే ప్రమాదముంది కనుక ఆ ఉప్పు అందరికీ కాదన్నది వేరే సంగతి.

పెరంబూరు ఇంటికి తిరిగి వద్దాం. ఇంటావిడ ఇచ్చిన క్యాను 9.1 గ్రాములని చెప్పింది. అది ఆవకాయలోదా, సాంబారులోదా, టిఫిన్ సెంటరు వడలోదా అన్నది సోడియానికి తెలియదు. అక్కడ పాతకాలపు లెక్క ఒకటి పనికివస్తుంది. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు పొట్లం 40 రోజులొస్తే, తలకు రోజుకు 6.25 గ్రాములు. వేసవిలో ఊరగాయలకు విడిగా రెండు కిలోల కల్లుప్పు తెచ్చి ఉంటే, ఏడాది మీద పరిస్తే తలకు రోజుకు 1.4 గ్రాములు. రెండూ కలిపి 7.6. ఇది నలుగురి సగటు. తాతగారు చప్పిడి తింటే మిగిలినవారి వాటా పెరుగుతుంది, రసంలో వేసి పారబోసినదీ ఇందులోనే ఉంది. ఇంతకూ తేలని ఆ గ్రామున్నర బయటి తిండిలోదా, బిస్కట్ ప్యాకెట్లలోదా, లేక ఆ రోజు మూత్రం కాస్త ఎక్కువ చూపిందా అని తెలుసుకోవాలంటే సర్వే మనిషి ప్రశ్నపత్రం పట్టుకుని మళ్ళీ ఆ గుమ్మంలోకే రావాలి. ఈసారి "ఎన్ని చెంచాలు" అని కాక, "ముద్దలో కలుపుకుంటారా, నంజుకుంటారా" అని అడగాలి.